తనంతట తానే ఉబ్బే లైఫ్ జాకెట్: నమ్మి నీళ్ళలోకి దిగవచ్చా?

నందికొండ కొంగ
ఆగస్టు 17, ఉదయం 7.20

మాది నాగార్జునసాగర్ హిల్ కాలనీ. ఇక్కడ అర్ధరాత్రి బుస వినపడితే ఎవరూ నవ్వరు. నిన్న రాత్రి రెండింటికి మా ముందుగదిలో 'టప్' మని ఒక చప్పుడు, వెంటనే పొడుగ్గా ఒక బుస. మా అత్తగారు కర్ర కోసం, నేను టార్చి కోసం తడుముకుంటున్నాం. లైటు వేసి చూస్తే తలుపు వెనక కొక్కేనికి పసుపుపచ్చని మెడపట్టీ ఒకటి బిగుసుకుపోయి వేలాడుతోంది. దుబాయి నుంచి మా బావమరిది తెచ్చిన ఆటోమేటిక్ లైఫ్ జాకెట్ అది! దాని చిన్న సిలిండర్‌ని ముట్టుకున్నాను. ఐసుముక్కలా చల్లగా ఉంది, పైన తెల్లగా మంచు పట్టింది.

మూడు రోజులుగా ఇక్కడ ముసురు. నా రెయిన్‌కోటు కూడా అదే కొక్కేనికి తగిలించాను. ఆ తేమ చాలిందేమో.

నేను పక్షుల ఫోటోలు తీస్తాను. తెల్లవారకముందే వైజాగ్ కాలనీ వైపు వెళ్ళి, అక్కడ మా తమ్ముడిలాంటి ఒక జాలరి పుట్టిలో (గుండ్రటి బుట్ట పడవలో) ఎక్కి సాగర్ వెనక నీళ్ళలో తిరుగుతుంటాను. ఈత అంతంతమాత్రం. అందుకే బావమరిది రెండు జాకెట్లు తెచ్చాడు: ఒకటి కొత్తది, ఒకటి వాళ్ళ పడవల రేవులో ఎవరో వాడి ఇచ్చేసినది. ఉబ్బింది కొత్తది. పాతది అదే కొక్కేనికి, అదే తడి కోటు పక్కన ఉన్నా ఉలుకూ పలుకూ లేదు. అంటే పాతదే గట్టిదనుకోవాలా?

అడగదలచుకున్నవి రెండు. నీళ్ళు లేనప్పుడు ఉబ్బినది నీళ్ళలో పడినప్పుడు ఉబ్బుతుందన్న నమ్మకం ఏమిటి? దసరా సెలవుల్లో పిల్లలతో నాగార్జునకొండ లాంచీ ఎక్కాలని ఉంది. పాపకు పదకొండేళ్ళు. ఈ జాకెట్ తనకు వేయవచ్చా?

ఎదురుగాలి
ఉదయం 8.05

కృష్ణ ఒడ్డున పుట్టినవాళ్ళం. నడుముకు బెండు కట్టి బావిలోకి తోస్తే వారంలో ఈత వచ్చేది. ఇప్పుడు తెల్లారగట్ల కొంగను చూడటానికి గ్యాస్ సిలిండర్ మెడలో వేసుకోవాలా! ఈత నేర్చుకోండి సార్, అంతకన్నా ఆటోమేటిక్ ఇంకొకటి లేదు.

ఓడ మెకానిక్
ఉదయం 9.30

ఎదురుగాలి గారూ, తలకు పడవ అంచు తగిలి స్పృహ తప్పినవాడికి ఈత గుర్తుండదు. ఈ జాకెట్ పుట్టిందే అలాంటివాడి కోసం.

నాది అచ్చంపేట. గల్ఫ్‌లో పడవల మీద పద్నాలుగేళ్ళు పనిచేశాను. ఈ జాకెట్లు విప్పడం, బిగించడం నా రోజువారీ పనిలో భాగం. కొంగ గారి జాకెట్ లోపల జరిగినది చెబుతాను.

సిలిండర్‌లో బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) ఒత్తిడి మీద ఉంటుంది. దాని మూతికి ఎదురుగా ఒక సూది, సూది వెనక బిగించిన స్ప్రింగు. స్ప్రింగును పట్టి ఉంచేది ఒక చిన్న బిళ్ళ, అంతే. కొన్ని కంపెనీలది ఉప్పు లాంటి పదార్థం, కొన్నిటిది నొక్కి చేసిన కాగితం పిండి. నీళ్ళు తగిలితే అది కరుగుతుంది, స్ప్రింగు విడుతుంది, సూది సిలిండర్ మూతిని పొడుస్తుంది. నీళ్ళలో పడితే ఇదంతా కొన్ని సెకన్లలో అయిపోతుంది. ఆ బిళ్ళకు కృష్ణ నీళ్ళూ, మీ రెయిన్‌కోటు నీళ్ళూ ఒకటే. నెలల తరబడి తేమ పీల్చిన బిళ్ళ మెత్తబడి ఏదో ఒక రాత్రి వదిలేస్తుంది. అందుకే దాని మీద గడువు తేదీ ఉంటుంది. మామూలుగా మూడేళ్ళు.

రెండో రకం ఉంది. స్వీడన్ కంపెనీ హమ్మర్ చేసేది ఆ రకం. అందులో బిళ్ళ ఒక మూత వెనక ఉంటుంది, ఆ మూత నీటి ఒత్తిడికి మాత్రమే తెరుచుకుంటుంది. దాదాపు నాలుగు అంగుళాల లోతుకు మునిగితే తప్ప కదలదు. వాన, తుంపర, తడి కోటు దానికి లెక్కలేదు. ధర ఎక్కువ, అయిదేళ్ళకొకసారి ఆ భాగం మొత్తం మార్చాలి.

రాత్రి ఉబ్బినందుకు కొత్తదాన్ని తిట్టుకోకండి. దాని సిలిండర్ నిండుగా ఉందని, సూది పదునుగా ఉందని, తిత్తి చిరగలేదని అదే మీకు చూపించింది. నాకు అనుమానం ఉలుకూ పలుకూ లేని పాతదాని మీద. దాన్ని ఎవరికీ వేయకండి. తీరిక దొరికినప్పుడు విప్పి చూద్దాం.

లాంచీ బాబాయి
మధ్యాహ్నం 1.15

పాప మాట వచ్చింది కాబట్టి నేనూ రాస్తున్నాను. సాగర్‌లో లాంచీల మీద పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. కొండకు వెళ్ళే లాంచీలో కింద కేబిన్ ఉంటుంది, చుట్టూ కిటికీలు, పైన కప్పు. అలాంటి చోట తనంతట తాను ఉబ్బే జాకెట్ పిల్లకే కాదు, పెద్దవాళ్ళకు కూడా వద్దు. లాంచీ ఒరిగి కేబిన్‌లోకి నీళ్ళు వచ్చాయనుకోండి. మనిషి ఇంకా లోపలే ఉంటాడు, జాకెట్ మాత్రం నీళ్ళు తగిలాయి కదా అని ఉబ్బుతుంది. కప్పుకు అంటుకుపోతాడు. కిటికీ కింద ఉంటుంది, మునిగితేనే బయటికి దారి. ఆ జాకెట్ మునగనివ్వదు.

ఇంకొకటి. ఉబ్బిన తిత్తి ముందువైపు ఎంత లావు ఉంటుందో కొంగ గారు రాత్రి చూసే ఉంటారు. లాంచీ కిటికీలో అది పట్టదు.

నా హయాంలో మేము ఇచ్చినవి నారింజరంగు బెండు (ఫోమ్) జాకెట్లు. వాటిని పొగడటం లేదు. కట్టు తెగినవి, బకిల్ విరిగినవి ఎన్నో చూశాను. చెమట వాసన అని ముక్కు మూసుకుని పక్కన పెట్టే ప్రయాణికులను ఇంకా ఎక్కువ చూశాను. ఒక జాకెట్‌ను నలుగురు పిల్లలు దిండులా వాడుకున్న ప్రయాణాలూ ఉన్నాయి. రేవులో వేసుకుంటారు, ఒడ్డు దాటగానే ఫోటో కోసం తీస్తారు. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పుడు జాకెట్ వేసుకున్నవారే ఎక్కువగా బయటపడ్డారని పేపర్లలో చదివి, నా లాంచీలో జాకెట్ తీసేసిన ముఖాలన్నీ గుర్తుకొచ్చాయి.

పాపకు తన కొలతకు సరిపోయే బెండు జాకెట్ ఇంటి నుంచే తీసుకెళ్ళండి. కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ ఉండాలి. అది లేకపోతే జాకెట్ పైకి తేలుతుంది, పిల్ల కిందికి జారుతుంది.

వాన తుంపర
మధ్యాహ్నం 2.40

బాబాయి గారూ, ఒక్క మాట ఒప్పుకోలేను. కేబిన్‌లో బెండు జాకెట్ మాత్రం మునగనిస్తుందా? అది కూడా కప్పుకే తేలుస్తుంది కదా.

నేను హైదరాబాద్ నుంచి నెలకు రెండుసార్లు సోమశిల వచ్చి కయాక్ నడుపుతాను. మే నెలలో అక్కడ 43 డిగ్రీల ఎండ. రెండంగుళాల మందం ఫోమ్ ఛాతీకి కట్టుకుని తెడ్డు వేస్తుంటే పది నిమిషాల్లో ఒళ్ళు ఉడికిపోతుంది. మా బృందంలో సగం మంది ఆ ఫోమ్‌ని కయాక్ వెనక తాడుకు కట్టేసి తిరిగేవాళ్ళు. ఉబ్బే రకం సన్నని పట్టీ లాంటిది, మెడ చుట్టూ ఉందన్న సంగతే గుర్తుండదు. అది వచ్చాక అందరూ రోజంతా వేసుకునే ఉంటున్నారు. దీన్ని లెక్కలోకి తీసుకోరా?

లాంచీ బాబాయి
మధ్యాహ్నం 3.10

అమ్మా, నీ ప్రశ్న సరైనదే. బెండు కూడా తేలుస్తుంది. తేడా ఏమిటంటే దాని బలం ముందే తెలుసు, పట్టీ ఊడదీసి వదిలించుకోవచ్చు, తేల్చే శక్తి తక్కువ కాబట్టి కిటికీ అంచు పట్టుకుని కిందికి లాక్కోవడానికి కాస్త వీలుంటుంది. అయినా కేబిన్ కేబినే. అందుకే నేను మా వాళ్ళను ఎప్పుడూ పై డెక్కు మీద, కటకటాల పక్కన కూర్చోబెడతాను. ఎండ తగిలినా సరే.

లెక్కల పంతులమ్మ
సాయంత్రం 5.50

బడి వదిలాక చదివాను. బాబాయి గారు చెప్పిన ప్రమాదం విమానాలవాళ్ళకు బాగా తెలుసు. 1996 నవంబర్ 23న హైజాక్ అయిన ఇథియోపియా విమానం ఒకటి ఇంధనం అయిపోయి కొమొరోస్ దీవుల దగ్గర సముద్రంలో దిగింది. 175 మందిలో 125 మంది చనిపోయారు. వారిలో కొందరు దిగే తాకిడికి బతికి, లోపలే జాకెట్లు ఉబ్బించుకున్నందువల్ల నీళ్ళు నిండిన కేబిన్‌లో చిక్కుకుపోయారు. విమానంలో ఇచ్చే జాకెట్ తనంతట తాను ఉబ్బదు. తలుపు దాటాక తాడు లాగమని ప్రతిసారీ చెప్పేది అందుకే.

కేబిన్ ఉన్న లాంచీకి నాకు తోచే మధ్యేమార్గం అదే, తాడు లాగితేనే ఉబ్బే రకం. పెద్దవాళ్ళకు మాత్రమే సుమా. భయపడిన పిల్ల తాడు ఎక్కడుందో వెతుక్కోలేదు.

ఇప్పుడు నా అలవాటు కొద్దీ ఒక లెక్క. పెద్దల జాకెట్‌లో మామూలుగా 33 గ్రాముల వాయువు ఉంటుంది. ఈ వాయువు 44 గ్రాములైతే ఒక మోల్ (రసాయన శాస్త్రంలో పదార్థాన్ని లెక్కించే కొలత), కాబట్టి ఇది ముప్పావు మోల్. మన ఎండల్లో మోల్‌కు సుమారు 25 లీటర్లు అనుకుంటే 18, 19 లీటర్లు. తిత్తి బిగుసుకుంటుంది కాబట్టి కాస్త తగ్గుతుంది. ఒక లీటరు గాలి దాదాపు కిలో బరువును తేలుస్తుంది. జాకెట్ మీద 150 న్యూటన్లు అని రాసి ఉంటుంది, అంటే పదిహేను కిలోలు. మనిషి నీళ్ళలో తూగేది నాలుగైదు కిలోలే. అయినా ఇంత ఎందుకంటే, స్పృహలేనివాణ్ణి వెల్లకిలా తిప్పి ముక్కు నీటి పైకి ఎత్తాలి. తేలుతూ ఉండటానికి 50 న్యూటన్లు చాలు, కానీ అది ముఖాన్ని తిప్పదు. దుకాణంలో చౌకగా ఇచ్చే సన్నని ఫోమ్ చొక్కాలు ఎక్కువగా ఆ 50 రకమే. ప్రశాంతమైన నీళ్ళకు 100 న్యూటన్ల ఫోమ్ చూసుకోవాలి.

ఈ లెక్కంతా 33 గ్రాములు నిజంగా లోపల ఉంటేనే. సిలిండర్ పారదర్శకం కాదు.

తెడ్డు
రాత్రి 8.30

కొంగ సార్ రాసిన 'తమ్ముడిలాంటి జాలరి' నేనే. వల విప్పి ఇప్పుడే ఇంటికి వచ్చాను.

సార్, మీకు చెప్పలేక ఊరుకున్నాను కానీ, ఆ జాకెట్ మన పుట్టికి పొసగదు. పుట్టి అడుగున ఎప్పుడూ అరచేతి లోతు నీళ్ళు ఉంటాయి. మీరు కెమెరా పట్టుకుని బోర్లా పడుకుంటారు. మొన్న ఆ జాకెట్ అంచు నీళ్ళలో నానుతుంటే నాకు గుండె దడ. అది ఒక్కసారి ఉబ్బితే మీరు ఉలిక్కిపడి లేస్తారు. పుట్టిలో మనిషి ఉన్నపళాన లేచాడంటే పుట్టి తిరగబడినట్టే. జాకెట్ వల్ల మీరు తేలుతారు, నా వల, సెల్‌ఫోన్, మీ కెమెరా మూడూ మునుగుతాయి.

ఇంకో సంగతి సముద్రం చూసినవాళ్ళకు తెలియదు. మన వెనక నీళ్ళలో మునిగిన అడవి ఉంది. నీళ్ళు తగ్గేకొద్దీ మోళ్ళు, తుమ్మకొమ్మలు పైకి తేలతాయి. తుమ్మముల్లు నా రబ్బరు చెప్పును దాటి కాల్లో దిగింది. గాలితిత్తికి ఒక్క ముల్లు చాలు. బెండు జాకెట్‌కు వంద ముళ్ళు గుచ్చుకున్నా బెండు బెండే. గాలం కొక్కెం కూడా అంతే.

నాకూ జాకెట్ లేదని మీరు అడగవచ్చు. నిజమే, లేదు. రెండు ఖాళీ నూనె డబ్బాలు మూతలు బిగించి పుట్టికి కట్టి ఉంచుతాను. అది సరిపోదని కూడా తెలుసు.

ఎదురుగాలి
రాత్రి 8.55

తెడ్డు తమ్ముడి మాట నాకు నచ్చింది. ముల్లు గుచ్చుకుంటే అయిపోయే వస్తువుకు వేలు పోయడం దేనికి?

వాన తుంపర
రాత్రి 9.20

ఎదురుగాలి గారూ, ముల్లు గుచ్చుకుంటుందని మీరు సైకిలు తొక్కడం మానేశారా? సోమశిల దగ్గర నది విశాలం, నడిమధ్యలో ముళ్ళు లేవు. నా కయాక్‌కు కప్పు లేదు, కేబిన్ లేదు, అడుగున నీళ్ళు నిలవవు. నాకు అది సరిపోతుంది. తెడ్డు గారి పుట్టికి సరిపోదు. రెండూ నిజమే కావచ్చు కదా.

ఓడ మెకానిక్
ఆగస్టు 18, ఉదయం 6.45

తెడ్డు రాసింది చదివి రాత్రి చాలాసేపు ఆలోచించాను. అడుగున నీళ్ళు నిలిచే పుట్టిలో బిళ్ళ రకం వద్దే వద్దు. నేను పనిచేసినవన్నీ ఎత్తయిన డెక్కులు, అందుకే నాకు ఆ ఊహ రాలేదు.

కొంగ గారూ, మీ విషయంలో ఇంకొక భయం ఉంది. మీరు కెమెరా పట్టీ ఎలా వేసుకుంటారు? భుజం మీదుగా ఏటవాలుగా, జాకెట్ పైన వేసుకుంటే అది ఉబ్బే తిత్తిని అడ్డంగా కట్టేస్తుంది. తిత్తి ఒకవైపే ఉబ్బి, పట్టీ గొంతుకు బిగుసుకోవచ్చు. జాకెట్ మీద రెయిన్‌కోటు తొడిగి జిప్పు పెట్టుకోవడం ఇంకా చెడ్డది. ఉబ్బడానికి చోటు లేక పక్కటెముకలను నొక్కుతుంది. ఆడవాళ్ళ కొంగు, చున్నీ కూడా కిందే ఉండాలి. ఈ జాకెట్ ఎప్పుడైనా అన్నిటికన్నా పైన.

ఇక పాతదాని పరీక్ష. మొదట జాకెట్ మీది చిన్న కిటికీలోంచి సూచిక కనిపిస్తుంది, ఆకుపచ్చగా ఉందో ఎర్రగా ఉందో చూడండి. అది చూసి ఆగిపోవద్దు. పాత నమూనాల్లో ఆ రంగు స్ప్రింగు సంగతి చెబుతుందే కానీ సిలిండర్ నిండుగా ఉందో లేదో చెప్పదు. తరవాత సిలిండర్‌ను మర తిప్పి బయటికి తీయండి. చాలామంది తీయరు, భయం. సూది పొడిచేది మర లోపల దాక్కున్న మూతిని. బయటి నుంచి సిలిండర్ ఎంత మెరుస్తున్నా ఆ మూతి కనపడదు. తుప్పు ఉందేమో చూడండి. తుప్పు గరుకు తిత్తిని రాపాడి చిల్లు చేస్తుంది. సిలిండర్ ఒంటి మీద ఉండవలసిన కనీస బరువు గ్రాముల్లో చెక్కి ఉంటుంది, తూచి చూడండి. తిరిగి బిగించేటప్పుడు చేత్తో గట్టిగా బిగించండి, పట్టుకారు వద్దు. పడవ అదురుకు మర వదులై సూదికి అందకుండా పోయిన సిలిండర్లు నేనే ఎన్నో బిగించాను.

తిత్తిని మాత్రం సిలిండర్‌తో కాకుండా సైకిలు పంపుతో, ఊదే గొట్టం దగ్గర నుంచి నింపి ఒక రోజంతా వదిలేయండి. నోటితో ఊదితే లోపల తేమ చేరుతుంది. ఇంకొకటి, నోటితో నిండా ఊదిన జాకెట్ మీద సిలిండర్ కూడా పేలితే తిత్తి కుట్లు విడిపోవచ్చు. గాలి తీసేశాకే సిలిండర్ బిగించండి.

లాగే తాడు బయటికి వేలాడుతూ ఉండాలి. దేనికో తగులుతోందని లోపలికి మడిచి పెడతారు, అవసరమైన రోజు దొరకదు.

నందికొండ కొంగ
ఉదయం 10.30

అందరికీ నమస్కారం. చెయ్యి కాస్త వణుకుతూ టైపు చేస్తున్నాను.

పాత జాకెట్ కిటికీ చూశాను. ఎరుపు.

నిన్న పొద్దున అది ఆకుపచ్చ. మా బాబు ఆ రంగు చూసి 'నాన్నా, దీనికి సిగ్నల్ పడింది' అన్నాడు, అందుకే గుర్తుంది. అంటే ఈ పగలూ రాత్రీ అదే తడి కోటు పక్కన దీని బిళ్ళ కూడా కరిగింది, స్ప్రింగు విడింది, సూది పొడిచింది. అయినా చప్పుడు లేదు, బుస లేదు.

లెక్కల పంతులమ్మ
ఉదయం 11.05

పాఠం మధ్యలో చూశాను. తొందరపడవద్దు. ఇంకొక అవకాశం ఉంది: ఉబ్బి, తిత్తికి చిల్లు ఉండటం వల్ల తెల్లారేసరికి గాలి పోయి ఉండవచ్చు. మీరందరూ నిద్రలో ఉండి చప్పుడు వినలేదేమో. సిలిండర్ ఖాళీ అని అప్పుడే తేల్చలేం.

నందికొండ కొంగ
ఉదయం 11.20

అది కాదు మేడం. జాకెట్ పై గుడ్డ అంటుకునే పట్టీతో మూసి ఉంటుంది. ఉబ్బితే అది చర్రున విడిపోతుంది. కొత్తదానికి అలాగే పై నుంచి కింది దాకా విడిపోయింది. పాతదానికి ఒక్క అంగుళం కూడా విడలేదు. మడత మీద మడత అలాగే ఉంది.

ఓడ మెకానిక్
ఉదయం 11.40

ఇక సందేహం లేదు. ఎవరో దాన్ని ఒకసారి వాడారు, కొత్త బిళ్ళ వేశారు, సూచిక పచ్చగా మారింది, పాత సిలిండర్‌నే తిరిగి బిగించారు. అజ్ఞానమో, పిసినారితనమో. మర విప్పి మూతి చూడండి. ఫోటో అక్కర్లేదు, చిల్లు ఉంటే వేలికే తగులుతుంది.

నందికొండ కొంగ
సాయంత్రం 6.10

మూతిలో చిల్లు ఉంది. బియ్యపు గింజ దూరేంత.

నమ్మబుద్ధి కాక హాలియా వెళ్ళాను. మా పెళ్ళినాటి నుంచి తెలిసిన బంగారం దుకాణం ఉంది. కంసాలి ఆయన తూకపు గాజు తలుపు తెరిచి, ఇనుప సిలిండర్ చూసి, 'దీనిలో ఉండేది గాలే కదా సార్, గాలికి బరువేమిటి' అని నవ్వాడు. సిలిండర్ మీద చెక్కిన కనీస బరువు 144 గ్రాములు. తూకంలో 111 దగ్గర నిలిచింది. ఆయన ఒకసారి తుడిచి మళ్ళీ పెట్టాడు. 111. పంతులమ్మ గారి 33 గ్రాములు అక్కడ కనిపించాయి, కనిపించకుండా.

'ముప్పై మూడు గ్రాములు తేడా అంటే మా దుకాణం మూసుకోవాలి సార్' అన్నాడు. అప్పుడు నవ్వలేదు.

తిత్తికి పంపు కొట్టి పెట్టాను. రేపు పొద్దున చూస్తాను. మా బావమరిదికి ఇంకా ఫోన్ చేయలేదు. అతను ప్రేమతో తెచ్చాడు. విమానంలో సిలిండర్లు ఉన్నాయని కంపెనీవాళ్ళకు ముందే చెప్పి, అనుమతి తీసుకుని, కౌంటర్ దగ్గర గంటసేపు నిలబడి తెచ్చాడు. అంత శ్రమపడి ఒక ఖాళీ డబ్బా మోసుకొచ్చాడని ఎలా చెప్పను? మొన్న శుక్రవారం దీన్నే వేసుకుని నేను పుట్టిలో అయిదు గంటలు గడిపాను. కొత్తదాన్ని ఒక్కసారీ వేసుకోకుండా దాచుకున్నాను, పాతది ముందు అరగదీద్దామని.

ఎదురుగాలి
సాయంత్రం 6.30

నేను సాధారణంగా ఇక్కడ ఒక వెక్కిరింపు రాస్తాను. ఈసారి లేదు. మీరు క్షేమంగా ఉన్నారు, అది చాలు.

వేదిక నిర్వాహకుడు
సాయంత్రం 7.00

ఈ చర్చను అందరికీ కనపడేలా పైన పెడుతున్నాను. వాడేసిన ఉబ్బే జాకెట్లు, విడి సిలిండర్లు అమ్మకానికి ఉన్నాయని ఈ మధ్య ఇక్కడ రెండు ప్రకటనలు వచ్చాయి. రెండూ తొలగించాను.

వాన తుంపర
రాత్రి 7.45

నేనూ ఒకటి ఒప్పుకుంటాను. నిన్న అంత వాదించాను కదా, ఇందాక నా జాకెట్ తీసి చూశాను. బిళ్ళ గడువు దాటి పద్నాలుగు నెలలు. సిలిండర్ చేత్తో పట్టుకుంటే గిరగిరా తిరిగింది, మర మూడు చుట్లు వదులు. ప్రతిసారీ కయాక్‌ని కారు మీద కట్టి శ్రీశైలం రోడ్డు మీద ఎగరేసుకుంటూ వస్తాను, ఆ అదురే అయి ఉంటుంది. జాకెట్ ఏడాది పొడుగునా కారు డిక్కీలోనే ఉంటుంది.

లెక్కల పంతులమ్మ
రాత్రి 8.10

డిక్కీలో వద్దు తల్లీ. ఆ వాయువు 31 డిగ్రీలు దాటాక ఒత్తిడి ఎంత పెట్టినా ద్రవంగా ఉండదు, మొత్తం వాయువే. ఆపైన వేడి పెరిగినకొద్దీ సిలిండర్ లోపలి ఒత్తిడి వేగంగా పెరుగుతుంది. నల్లగొండ మే నెల ఎండలో మూసిన డిక్కీ ఎంత వేడెక్కుతుందో మీకు నేను చెప్పాలా. ఇంట్లో బీరువాలో, పొడిగా, మడత లేకుండా వేలాడదీయండి. రెయిన్‌కోటు పక్కన మాత్రం కాదు.

లాంచీ బాబాయి
రాత్రి 8.40

పాప సంగతి మరిచిపోయారు మీరంతా. కొంగ గారూ, ఏం తేల్చుకున్నారు?

నందికొండ కొంగ
ఆగస్టు 19, ఉదయం 7.05

తిత్తి నిన్న సాయంత్రం ఎలా ఉందో అలాగే ఉంది, రాయిలా. కానీ సూది, స్ప్రింగు ఇంకెవరి చేతిలో ఏమయ్యాయో తెలియదు. అందుకే దాన్ని కోసి పారేస్తున్నాను. ఇంకెవరి చేతికీ చేరకూడదు.

పాపకు, బాబుకు వాళ్ళ బరువుకు తగిన 100 న్యూటన్ల ఫోమ్ జాకెట్లు చెప్పాను, కాళ్ళ పట్టీ ఉన్నవి. అమెరికా తీరరక్షక దళం కూడా ఉబ్బే రకాన్ని సాధారణంగా పదహారేళ్ళు దాటినవారికే ఆమోదిస్తుందని చదివాక ఆ విషయంలో ఇక ఆలోచించలేదు. కొండకు పై డెక్కు మీదే కూర్చుంటాం బాబాయి గారూ. మా ఆవిడ ఎండ అంటోంది, గొడుగు తెస్తానన్నాను. గాలికి గొడుగు నిలవదని తెలిసే అన్నాను.

కొత్త జాకెట్‌కు కొత్త బిళ్ళ, సిలిండర్ బావమరిది పంపిస్తాడు. నిన్న రాత్రి ఫోన్ చేసి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు, తరవాత 'రేవులో ఇంకా మూడు అలాంటివి ఉన్నాయి బావా, ఇప్పుడే వెళ్ళి చూస్తాను' అన్నాడు. రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టాడు. ఆ మూడింటిలో ఒకటి ఖాళీ.

పుట్టిలోకి మాత్రం నాకూ ఫోమే. ఉక్కపోస్తుంది, పోయనీ.

తెడ్డు
ఉదయం 7.30

సార్, ఆదివారం నాలుగున్నరకు గట్టు దగ్గర ఉంటాను. నీళ్ళు పెరిగాయి, పాత మోళ్ళన్నీ మునిగాయి, కొంగలు ఎడమ గట్టు చింతచెట్టుకు మారాయి. కెమెరా పట్టీ మెడలో వద్దు, పుట్టి కమ్మీకి కడదాం. నాకు కూడా ఒక బెండు జాకెట్ చెప్పండి, డబ్బులు చేపల్లో తీసుకోండి.